కొత్త మోటారు కొనే ముందు

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ చెక్క చెక్కే సీఎన్‌సీ మిషన్‌లో ఎక్స్ దిశకు జరిపే మోటారు గడగడ వణుకుతోంది కానీ తిరగడం లేదనీ, కొత్తది ఆర్డర్ పెడతాననీ రాశావు. కాస్త ఆగు. అది స్టెప్పర్ మోటారు, అంటే ఒక్కో పల్సుకు ఒక్కో చిన్న అడుగు తిరిగేది; అందులో బేరింగులు తప్ప అరిగేదేమీ లేదు. తప్పు ఎక్కువగా వైర్లలోనో, మోటారుకు కరెంటు పంపే డ్రైవర్ బోర్డులోనో, స్క్రూ బిగింపులోనో దొరుకుతుంది.

ముందు పవర్ ఆపు. కరెంటు ఉండగా మోటారు వైరు ఊడదీస్తే డ్రైవర్ పోతుంది, ఇది మరవకు. ఎక్స్, వై మోటార్ల వైర్లను డ్రైవర్ల దగ్గర మార్చి చూడు. వణుకు మోటారుతో పాటే ఉంటే తప్పు మోటారులోనో దాని వైర్లలోనో. డ్రైవర్ దగ్గరే ఉండిపోతే డ్రైవర్‌లో. తర్వాత నాలుగు వైర్లూ విప్పి, రెండేసి కలిపి షాఫ్ట్‌ను చేత్తో తిప్పు. బిగుసుకుంటే ఆ రెండూ ఒకే కాయిల్‌వి. జతలు కలగాపులగమైనా, ఒక వైరు లోపల తెగినా ఇలాగే వణుకుతుంది. కేబుల్ చైన్‌లో వంగే చోట తెగడం మామూలే, వైరును వంచుతూ మల్టీమీటరుతో చూడు.

తలుపు మీద చెక్కిన లత డిజైను పక్కకు జరిగిందన్నావే, అది వేరే జబ్బు. నీ మోటారు చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవర్ ఒక్కో స్టెప్పును ఎనిమిది ముక్కలు చేసే 1/8 సెట్టింగులో ఉంటే 1600 పల్సులు. మోటారు తిప్పే పొడవాటి స్క్రూ చుట్టుకు 8 మి.మీ. జరిపితే, మిషన్ సెట్టింగులో మిల్లీమీటరుకు 200 పల్సులు అని పెట్టాలి. ఇప్పుడు 100 మి.మీ. జరిపి కొలువు. 100కి 98, 200కి 196 వస్తే ఆ పల్సుల లెక్క తప్పు. దూరం ఎంతైనా, దిశ మారినప్పుడల్లా ఒకే లోటు కనిపిస్తే స్క్రూ మీది నట్టు వదులుగా ఉన్నట్టు. అటూ ఇటూ చాలాసార్లు నడిపాక సున్నాకి రాకుండా, ప్రతిసారీ ఇంకా దూరం జరుగుతుంటే స్టెప్పులు పోతున్నట్టు, అంటే పల్సు వచ్చినా మోటారు కదలడం లేదు.

స్టెప్పులు పోతే వెంటనే కరెంటు పెంచకు. మోటారు షాఫ్ట్‌నూ స్క్రూనూ కలిపే కప్లర్ విప్పి స్క్రూను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చేత్తో తిప్పు. ఎక్కడైనా బరువెక్కితే మిషన్ జరిగే పట్టాలు సమాంతరంగా లేవు. మీ కళింగపట్నం ఉప్పుగాలికి తుప్పు కూడా పట్టి ఉండొచ్చు, తుడిచి నూనె రాయి. కప్లర్ మీద, షాఫ్ట్ మీద కలిపి మార్కర్‌తో ఒక గీత గియ్యి. పని అయ్యాక గీత విడిపోతే కప్లర్‌ను షాఫ్ట్‌కు బిగించే చిన్న గ్రబ్ స్క్రూ జారుతోంది. ఇవన్నీ బాగుంటే యాక్సిలరేషన్ సగానికి తగ్గించి చూడు. డ్రైవర్ కరెంటు మోటారు మీద రాసి ఉన్నదాన్ని దాటనివ్వకు. మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందని కంగారు పడకు, కేసు 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

అయినా తేలకపోతే సిరిమానుకి వచ్చేటప్పుడు ఆ మోటారూ డ్రైవరూ తీసుకురా, నా దగ్గరున్న పవర్ సప్లైతో నడిపి చూద్దాం.

మీ మావయ్య