శరీరం పంజరం అన్నది ప్లేటో, బైబిల్ కాదు

పాశ్చాత్యుల మతభావాలన్నీ గ్రీకు తత్వం నుంచే వచ్చాయా, క్రైస్తవం అంటే పేరు మార్చుకున్న ప్లేటోయేనా అని అడిగారు. కొంత నిజమే. దేవుడు మారడు, దేవుడికి అవయవాలు లేవు, దేవుడున్నాడని తర్కంతో నిరూపించవచ్చు, ఇలాంటి వాదనల పద్ధతంతా గ్రీకుల దగ్గర నేర్చుకున్నదే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ చావు దగ్గరికి వచ్చేసరికి బైబిల్ దారి వేరు, ప్లేటో దారి వేరు: ప్లేటోకు ఆత్మ శరీరాన్ని వదిలిపోవడమే విడుదల, బైబిల్‌కు చచ్చిన శరీరం తిరిగి లేవడమే ఆశ. ఆ తేడా తెలియక మన చర్చిల్లో సగం మంది బైబిల్ అనుకుని ప్లేటోని బోధిస్తున్నారు.

మాది గుంటూరు వైపు పల్లె, తాతల కాలం నుంచీ క్రైస్తవులం. మా నాయనమ్మ పోయినప్పుడు ఇంటి ముందు షామియానా కింద చర్చి అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టి, "ఈ పెట్టెలో ఉన్నది మీ అమ్మ కాదు, వట్టి మట్టి. శరీరం పంజరం, ఇవాళ చిలక ఎగిరిపోయింది" అన్నారు. కూర్చున్నవాళ్లంతా తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. పెట్టె మూత ఇంకా వెయ్యలేదు, ఆమె చేతులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి మిరపకోతలకు వెళ్లి గరుకెక్కిన వేళ్లు. ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టింది, నా తల మీద ఆ చెయ్యే పెట్టి ప్రార్థన చేసింది. అవన్నీ వట్టి మట్టి అయితే నాకు తెలిసిన నాయనమ్మ ఎవరు? ప్రతి ఆదివారం గుడిలో విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు "శరీర పునరుత్థానము" అన్న చోట ఆమె గొంతు అందరికంటే గట్టిగా వినిపించేది. సమాధుల తోట నుంచి వస్తూ ఈ మాటే అంటే మా బాబాయి "ఓదార్చడానికి అన్నారులేరా, ఇప్పుడెందుకవన్నీ" అన్నాడు. ఓదార్పు ఆమె నమ్మినదాంట్లోంచి ఇవ్వాలి కదా బాబాయ్ అన్నాను, ఆయన ఇంకేం మాట్లాడలేదు. 

అయ్యగారు చెప్పింది అచ్చం ప్లేటో రాసిన 'ఫీడో'లోని మాట. క్రీ.పూ. 399లో ఏథెన్స్ జైల్లో సోక్రటీస్ విషం తాగే ముందు రోజంతా మిత్రులతో దీని గురించే మాట్లాడతాడు. శరీరం ఆత్మకు అడ్డు, తత్వవేత్త బతుకంతా చావుకు సాధనే అంటాడు. చివర్లో మిత్రుడు క్రీటో "నిన్నెలా పాతిపెట్టాలి" అని అడిగితే నవ్వి, నన్ను పట్టుకోగలిగితే మీకు నచ్చినట్టు పాతిపెట్టండి, మీరు పాతేది నా శరీరాన్నే అంటాడు. ఎంత గొప్ప ఘట్టమో చెప్పలేను. దాన్ని చదివి వెంటనే బైబిల్లో గెత్సేమనే తోట ఘట్టం, యేసు పట్టుబడే ముందు రాత్రి చేసిన ప్రార్థన, చదవండి. అక్కడ యేసుకి ఆ ప్రశాంతత లేదు. దుఃఖంతో, వేదనతో ఈ చావు గిన్నె తప్పించమని బతిమాలుకుంటాడు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడుస్తాడు. ఎందుకంటే ఇక్కడ చావు విడుదల కాదు, శత్రువు. సిలువ మీద చనిపోయి తిరిగి లేచాక యేసు చేప తిని చూపిస్తాడు, గాయాలు చూపిస్తాడు.

ఈ రెండూ ఎదురుపడిన రోజు కూడా ఉంది. అపొస్తలుల కార్యములు 17లో పౌలు ఏథెన్స్ వెళ్లి స్తోయికులు, ఎపికూరీయులు అనే రెండు రకాల తత్వవేత్తలతో వాదించి, అరేయొపగు అనే పెద్దల సభలో నిలబడి, మనమంతా దేవుని సంతానమన్న గ్రీకు కవి అరాటస్ మాటనే వాళ్లకు అప్పజెబుతాడు. ఆ కవిదీ పౌలుదీ ఒకే ప్రాంతం, కిలికియ. అంతవరకూ బాగానే విన్నారు. చచ్చినవాళ్లు లేస్తారు అనేసరికి కొందరు ఎగతాళి చేశారు. ఆత్మ చావదు అని ఉంటే, దాన్ని నమ్మని ఎపికూరీయులు తప్ప ప్లేటో ఊళ్లో ఇంకెవరు నవ్వేవాళ్లు?

మరి ప్లేటో చర్చిలోకి ఎలా వచ్చాడంటే, చదువుకున్నవాళ్ల ద్వారా. అలెగ్జాండ్రియాలో యూదు తత్వవేత్త ఫిలో ముందే దారి వేశాడు, మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఆరిజెన్ ఆత్మలు పుట్టకముందే ఉన్నాయనేదాకా వెళ్లాడు, బిషప్పు అగస్టీన్ (354–430) ప్లేటో శిష్యపరంపర పుస్తకాలు లాటిన్‌లో చదివాకే దేవుడు భౌతిక పదార్థం కాదని అర్థమైందని తానే రాసుకున్నాడు. ఆత్మ అమరమని రోము చర్చి సభ తీర్మానంగా ప్రకటించింది 1513లో. మన దగ్గర ఇది ఇంత తేలిగ్గా ఇమిడిపోవడానికి కారణం నా లెక్కలో ఒకటే: చిలకా పంజరం మనకు తత్వాల పాటల్లో ముందే ఉంది, పాత బట్టలు విడిచే పోలిక గీతలో ఉంది. చెవికి అలవాటైన మాట కాబట్టి ఎవరూ బైబిల్ తెరిచి చూడరు.

యూట్యూబ్‌లో ఒకడు క్రైస్తవమంతా గ్రీకుల దగ్గర కాజేసిందే అంటాడు, ఇంకొకడు గ్రీకు గాలే సోకలేదంటాడు. ఇద్దరూ బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం, చచ్చినవాళ్లు లేవడం గురించినది, చదివినట్టు లేదు. దాని మీద పదమూడో శతాబ్దంలో చర్చి పండితుడు థామస్ అక్వినాస్ రాసిన వ్యాఖ్యానంలో "నా ఆత్మ నేను కాదు" అన్న మాట ఉంది. ఆత్మ ఒక్కటే బయటపడితే నేను బయటపడినట్టు కాదట. ఆయనేమీ గ్రీకు విరోధి కాదు, శరీరానికి రూపమిచ్చేదే ఆత్మ అన్న అరిస్టాటిల్ సిద్ధాంతాన్ని పట్టుకునే అక్కడికి చేరాడు. గ్రీకులు పెట్టిన చిక్కును ఇంకో గ్రీకు సాయంతోనే విప్పాడు కాబట్టి, మీ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేను.