కూకటివేళ్లతో సహా

ప్రశ్న: వైద్య వ్యాసాల్లో కొన్ని వ్యాధులను ‘ఎరాడికబుల్’ అంటున్నారు, కొన్నిటిని కాదంటున్నారు. ఈ విశేషణానికి అర్థమేమిటి, అది ఎలా పుట్టింది? ‘ఎలిమినేషన్’ అన్నా ఇదేనా?

జవాబు: సమూలంగా నిర్మూలించడానికి వీలైనదాన్ని ‘ఎరాడికబుల్’ అంటారు. లాటిన్‌లో ‘రాడిక్స్’ అంటే వేరు. దానికి ముందు, బయటికి అనే అర్థమిచ్చే ‘ఎ’ చేరి ‘ఎరాడికారే’ అనే క్రియ ఏర్పడింది. కూకటివేళ్లతో పెకలించడమని దాని అర్థం. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన ‘ఎరాడికేట్’ అందులోంచి పుట్టినదే. ముల్లంగికి ‘రాడిష్’ అనే పేరు, గణితంలో వర్గమూలపు గుర్తుకు ‘రాడికల్’ అనే పేరు కూడా ఆ ‘రాడిక్స్’ నుంచే వచ్చాయి.

‘ఎలిమినేషన్’ వేరు. అందులో ఉన్నది ‘లిమెన్’, అంటే గడప. గడప అవతలికి వెళ్లగొట్టడం దాని మూలార్థం. వైద్యులు ఈ రెంటి మధ్య పాటిస్తున్న తేడా ఆ మూలార్థాలకు చక్కగా సరిపోతుంది. ఒక ప్రాంతంలో వ్యాధి సోకడం ఆగిపోతే ఎలిమినేషన్. అది బయటినుంచి మళ్లీ రావచ్చు కనుక టీకాలూ నిఘా కొనసాగవలసిందే. ప్రపంచమంతటా శాశ్వతంగా ఆగిపోతేనే ఎరాడికేషన్.

ఏ వ్యాధికి ఈ విశేషణం తగుతుందన్నది దాని క్రిమి ఎక్కడ తలదాచుకుంటుందన్న దాన్నిబట్టి చాలావరకు తేలుతుంది. మశూచి మనుషుల్లో తప్ప మరే జీవిలోనూ నిలిచి ఉండేది కాదు, సోకినవారిని ఒంటిమీది పొక్కులే పట్టించేవి, సమర్థమైన టీకా కూడా ఉంది. అందువల్లనే 1977 అక్టోబరులో సోమాలియాలోని మెర్కా పట్టణంలో ఒక ఆసుపత్రి వంటవాడికి సోకిన తరువాత అది సహజంగా మరెవరికీ సోకలేదు, 1980 మే నెలలో నిర్మూలన ప్రకటన వెలువడింది. పశువులకు వచ్చే రిండర్‌పెస్ట్ వంతు 2011లో వచ్చింది. ఎల్లో ఫీవర్ వైరస్ అడవి కోతుల్లోనూ, ధనుర్వాతపు క్రిమి మట్టిలోనూ ఉంటాయి కనుక, మనుషులందరినీ కాపాడగలిగినా ఆ వ్యాధుల వేరు మిగిలే ఉంటుంది.

మశూచి వైరస్ అమెరికా, రష్యాల్లోని రెండు ప్రయోగశాలల్లో ఇప్పటికీ భద్రంగా ఉంది. అందుచేత నిపుణులు ఆ వ్యాధిని ‘ఎరాడికేటెడ్’ అంటారే గాని, అంతరించిందనే అర్థంలో ‘ఎక్స్‌టింక్ట్’ అనరు. ఒక దేశంలో వ్యాధి ఆగిపోయిన వార్తకు ‘ఎరాడికేషన్’ అని శీర్షిక పెట్టడం సరికాదు. అక్కడ రాయవలసింది ‘ఎలిమినేషన్’.