వాట్ లైన్‌బ్యాకర్ అయితే లైన్ మీద ఎందుకు నిలబడతాడు?

మీ తికమక నాకూ ఉండేది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్టీలర్స్ జట్టు ఆడేటప్పుడు టీజే వాట్ దాదాపు ప్రతిసారీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) మీదికే దూకుతాడు, అయినా అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ (ముందు వరసకి వెనకో పక్కనో నిలబడే డిఫెండర్) అంటారు. బ్రౌన్స్ జట్టులో అదే పని చేసే మైల్స్ గారెట్‌ని డిఫెన్సివ్ ఎండ్ (ముందు వరసలో చివరి మనిషి) అంటారు, ఎందుకని అడిగారు కదా. తేడా మనిషిలో లేదండీ, స్కీమ్‌లో, అంటే డిఫెన్స్‌ని నిలబెట్టే పద్ధతిలో ఉంది.

4-3 స్కీమ్‌లో ముందు వరస నలుగురు, లైన్‌బ్యాకర్లు ముగ్గురు. చివరన ఉండే ఎండ్ సాధారణంగా చెయ్యి నేలకి ఆనించి, టాకిల్ (అవతలి జట్టు లైన్ చివర అడ్డుగా నిలిచే ఆటగాడు) బయటి భుజం పక్కనుంచి దూసుకెళ్తాడు. 3-4లో ముందు ముగ్గురే, లైన్‌బ్యాకర్లు నలుగురు. అక్కడ ఎండ్ అంటే కామెరాన్ హేవర్డ్ లాంటి బరువైన మనిషి, టాకిల్‌కి ఎదురుగానో ఇంకా లోపలో దిగి పరుగుకి అడ్డుపడతాడు. శాక్‌ల (పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) వేట బయట నిలబడి ఉన్న లైన్‌బ్యాకర్‌ది. అతను అప్పుడప్పుడూ వెనక్కి తగ్గి పాస్ కూడా కాయాలి. వాట్‌ని గమనించండి, అలా తగ్గేది తక్కువే. 2001లో ఎండ్‌గా మైకేల్ స్ట్రాహాన్ పెట్టిన ఒక సీజన్‌లో 22.5 శాక్‌ల రికార్డును 2021లో లైన్‌బ్యాకర్‌గా వాట్ సమం చేశాడంటే చూడండి!

పేరులో ఏముందిలే అనుకోకండి, డబ్బుంది. 2008లో ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఆడే స్థానాన్ని బట్టి లెక్కగట్టిన జీతంతో ఆటగాణ్ని ఇంకో ఏడాది జట్టులోనే ఉంచుకోవడం) వేసినప్పుడు టెరెల్ సగ్స్ తాను ఎండ్‌నని, అతని జట్టు రేవెన్స్ లైన్‌బ్యాకరని పట్టుబట్టారు. చివరికి రెండు రేట్లకీ మధ్యలో తెగింది.

ఈసారి మ్యాచ్‌లో పేరు వదిలేసి, టాకిల్‌కి బయట ఎవరున్నారో చూడండి. ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లు (వెనక పాస్‌లు కాసేవాళ్లు) దిగితే రెండు స్కీములూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి.