పిల్లల సూపర్‌హీరో కథలో కుర్ర విలన్ పక్షం మారడం నమ్మేలా ఎలా రాయాలి?

వరంగల్ నేపథ్యంలో రాస్తున్న కథలో, విలన్ పెంచిన పన్నెండేళ్ల పిల్లాడు హీరో వైపు వస్తాడు. ఆ మలుపు అతకడం లేదన్నది ప్రశ్న.

తప్పు సాధారణంగా మలుపులో కాదు, మొదటి అధ్యాయాల్లో ఉంటుంది. విలన్ వాడికి ఏమిచ్చాడు? ఆకలేసినప్పుడు అన్నం, పడుకోవడానికి చోటు. వాడు ఆయన్ని ‘బాపూ’ అని పిలవనివ్వండి. అప్పుడే విడిపోవడం కష్టమవుతుంది.

అనుమానం మూడు మెట్లలో పెరగాలి. ‘ఎవరికీ దెబ్బ తగలదు’ అని చెప్పి భద్రకాళి చెరువు కట్ట తెంపమంటాడు బాపు. కట్ట కింద ఇళ్లు కనిపిస్తాయి. మొదట పిల్లాడే బాపును వెనకేసుకొస్తాడు (ఈ మెట్టునే చాలామంది వదిలేస్తారు). తర్వాత చిన్న అబద్ధం చెప్పి పని ఆలస్యం చేస్తాడు. చివరికి ఎదురుతిరుగుతాడు. ఆ సన్నివేశంలో హీరో ఉండకూడదు. ఉంటే నీతిబోధ మొదలవుతుంది, నిర్ణయం పిల్లాడిది కాకుండా పోతుంది.

పక్షం మారినా పిల్లాడి శక్తిని మార్చొద్దు. రామప్ప గుడి తేలే ఇటుకల్లా రాళ్లను తేలిక చేసే శక్తి అనుకుందాం: కట్టను తెంపబోయిన చేతులే గండి పూడ్చాలి. హీరో జట్టు మాత్రం వాణ్ని కనీసం ఒక అధ్యాయం పాటు నమ్మకూడదు.