వేసవి ఆరంభంలో పచ్చికకు రోజూ నీరు పెట్టాలా?

ఒకనాడు మండుటెండ, మరునాడు జల్లు పడే ఈ రోజుల్లో పచ్చికకు రోజూ నీరు అక్కరలేదు. రోజూ పైపైన తడిపితే వేళ్లు నేల పైపొరలోనే ఉండిపోయి, ఎండలు ముదరగానే గడ్డి వాడిపోతుంది. అందుకు బదులు వారానికి ఒకటి రెండుసార్లు, కురిసిన వానతో కలిపి మొత్తం సుమారు 25 మిల్లీమీటర్లు అయ్యేలా, నేల 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు వరకు నానేటట్లు తెల్లవారుజామున పెట్టడం మేలు. ఎంత నీరు పడిందో కొలవడానికి పచ్చికలో ఒక ఖాళీ డబ్బా ఉంచితే చాలు. సాయంత్రం తడిపితే ఆకులు రాత్రంతా ఆరక తెగుళ్లకు తావిస్తాయి. జల్లుల తర్వాత గడ్డి ఏపుగా పెరిగినా (చాలామంది తొందరపడేది ఇక్కడే) ఒక్కసారిలో దాని ఎత్తులో మూడో వంతుకు మించి కత్తిరించకూడదు. ఇక తోటలోని మొక్కల చుట్టూ, నేలలో తేమ నిలిచేలా, ఎండుటాకులు 5 సెంటీమీటర్ల మందాన, కాండానికి తగలకుండా పరచాలి.