ప్రాడా చెప్పుల గొడవలో మా ఇంట్లో, దుకాణంలో వినిపించిన మూడు మాటలు

"ప్రాడా మగవారి దుస్తుల ప్రదర్శనలో కొల్హాపురి చెప్పులు చూసి కొందరు మురిసిపోయారు, కొందరు దొంగతనమన్నారు. ఎవరి మాట సబబు?" అని ఒకరు నన్ను అడిగారు. నేను పదిహేడేళ్లుగా సికింద్రాబాద్‌లో తోలు చెప్పుల దుకాణం నడుపుతున్నాను. ఏడాదికి రెండుసార్లు, ఆ చెప్పులు కుట్టే మహారాష్ట్రలోని కొల్హాపూర్‌కూ, కర్ణాటకలోని అథణికీ వెళ్లి సరుకు తెచ్చుకుంటాను. మా తాత, నాన్న సిద్దిపేట దగ్గర పల్లెలో కిర్రు చెప్పులు కుట్టి బతికినవారు. కాబట్టి ఈ ప్రశ్నకు దూరంగా నిలబడి జవాబు చెప్పడం నా వల్ల కాదు.

తెలియనివారి కోసం జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. 2025 జూన్ 22న మిలాన్‌లో, ఖరీదైన దుస్తులకు పేరుపడ్డ ఇటలీ సంస్థ ప్రాడా 2026 వేసవి కోసం మగవారి దుస్తులను ప్రదర్శించింది. రూపకర్తలు మియుచ్చా ప్రాడా, రాఫ్ సైమన్స్. మొత్తం 56 వేషాల్లో ఏడింటికి కాళ్లకు తోలు చెప్పులున్నాయి. బొటనవేలికి ఉంగటం, పాదం మీద అల్లిక పట్టీ, చదునైన అట్ట. మన దేశంలో ఎవరు చూసినా కొల్హాపురి అనే అంటారు. సంస్థ మాత్రం వాటిని ఉత్త "తోలు చెప్పులు" అని పేర్కొని ఊరుకుంది. గొడవంతా అక్కడ మొదలైంది.

ఆ దృశ్యాలు మొదట నాకు చూపించింది మా అబ్బాయి. వాడు దుస్తుల రూపకల్పన చదువుతున్నాడు. చెప్పుల కంటే ముందు వాడికి మిగతావే కనిపించాయి. మోకాలికి చాలా పైన ఆగిపోయే పొట్టి లాగులు, గడ్డి టోపీలు, బరువు లేని చొక్కాలు. "మగవాడి బట్టల్లో ఇంత తేలికదనం తేవడం మామూలు విషయం కాదు నాన్నా" అన్నాడు. విదేశీ విమర్శకుల్లో కూడా చాలామంది ఆ తేలికదనాన్నే మెచ్చుకున్నారు. ఆ పొట్టి లాగులు ఎవరు తొడుగుతారని పెదవి విరిచినవారూ ఉన్నారు. మా వాడి ఉత్సాహాన్ని నేను కొట్టిపారేయను. రోజూ మన కాళ్ల కింద ఉండే వస్తువు అంత పెద్ద వేదిక మీద, ఖరీదైన కోటు పక్కన తలెత్తుకుని నిలబడగలదని వాడు కళ్లారా చూశాడు. ఆ వయసులో ఆ నమ్మకం అవసరం.

మా నాన్నకు ఫోను దగ్గరగా పెట్టి చూపించాను. ప్రాడా అంటే ఎవరో ఆయనకు తెలియదు. ఎవరని అడగనూ లేదు. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసి, "ఉంగటం బాగా కుదిరింది. అట్ట మాత్రం పలచన. మట్టిలో నడిచేవాడి కోసం కుట్టింది కాదు" అన్నారు. కాసేపాగి, "ఎవరు కుట్టారట?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఈ గొడవ మీద వందలకొద్దీ అభిప్రాయాలు చదివాను, ఈ ప్రశ్న అడిగినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

దుకాణంలో ఇంకో రకం. చాలా ఏళ్లుగా వచ్చే పెద్దమనిషి ఒకాయన కోపంతో ఊగిపోయారు. మన సంస్కృతిని దోచుకున్నారు, మన వస్తువును లక్ష రూపాయలకు అమ్ముకుంటారా అన్నారు. నిజానికి అప్పటికి ఆ చెప్పులకు సంస్థ ధరే ప్రకటించలేదు. ఆయన కోపం అబద్ధమని నేను అనను. అయితే అదే రోజు ఆయన పన్నెండు వందల జతను ఎనిమిది వందలకు ఇమ్మని అరగంట బేరమాడారు. నేను తగ్గించిన ప్రతి రూపాయీ చివరికి కుట్టినవారి కూలిలోంచే పోతుందని ఆయనకు చెప్పాను. ఈసారి మొహమాటపడలేదు.

ఆ చెప్పు వెనుక ఎంత పని ఉందో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. గేదె తోలును తుమ్మచెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పదును చేస్తారు. మా ఊళ్లో లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క వేసేవారు. పద్ధతి ఒకటే, చెట్టు వేరు. అట్టకు మందపాటి తోలు, పైన జడలా అల్లే పట్టీకి మేక తోలు. అసలైన దానిలో మేకు ఒక్కటి కూడా ఉండదు, కుట్టు కూడా తోలు దారంతోనే. అథణిలో జడలల్లేది ఎక్కువగా ఆడవాళ్లు. నేను వెళ్లే ఇంట్లో ఆమె మాట్లాడుతూనే అల్లుతుంది, చేతుల వైపు చూడదు. తాత ఆరెతో రంధ్రం పొడిచి దారం లాగేటప్పుడు కూడా అంతే, ఆయన చూపు వీధిలో ఉండేది. కొత్త జత వేసుకుని నడిస్తే వచ్చే కిర్రు కిర్రు శబ్దం కోసమే ఎడ్లబండ్లు కట్టుకుని పొరుగూళ్ల నుంచి మా ఇంటికి వచ్చేవారు. వచ్చినవారు వాకిలి బయటే నిలబడి జత అందుకునేవారు. అదే జత వేసుకుని మా వాడలో ఒకరు ఆ పెద్దింటి ముందు నుంచి నడిచి వెళ్లే వీలు మాత్రం లేదు, చేతిలో పట్టుకుని పోవాలి. మహారాష్ట్రలో చర్మకారులు, ఢోర్లు, కర్ణాటకలో సమగారులు, మా దగ్గర మాదిగలు. కులం పేర్లే మారాయి. అందుకే "మన సంస్కృతి" అన్న మాట వినగానే, ఆ "మన"లో మా తాతను ఎప్పుడు కలుపుకున్నారని అడగాలనిపిస్తుంది.

మరి ప్రాడాది తప్పు కాదా? తప్పే. ఎక్కడి నుంచి తెచ్చుకున్నదీ మొదటి రోజే చెప్పి ఉండవలసింది. మహారాష్ట్ర వాణిజ్య మండలి ఉత్తరం రాసిన తర్వాత గానీ, ఆ చెప్పులకు స్ఫూర్తి భారతీయ చేతిపని అని సంస్థ తరఫున దాని సామాజిక బాధ్యత విభాగం చూసే లొరెంజో బెర్తెల్లి ఒప్పుకోలేదు. చట్టం దగ్గర ఈ విషయం నిలవడం కష్టం. కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు జిల్లాలు అందులో ఉన్నాయి. కానీ ఆ గుర్తింపు కాపాడేది ముఖ్యంగా పేరును. ప్రాడా ఆ పేరు వాడనే లేదు. బొంబాయి హైకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని కూడా, వేసినవారు ఆ గుర్తింపుకు హక్కుదారులు కారంటూ 2025 జులైలో కొట్టేశారు.

కొల్హాపూర్‌లో నాకు సరుకిచ్చే ఆయన మాత్రం కోపంగా లేడు. ఆ నెలలో వచ్చినన్ని ఫోన్లు పదేళ్లలో రాలేదన్నాడు. 2015లో మహారాష్ట్రలో ఎద్దుల వధను కూడా నిషేధించాక తోలు దొరకడం కష్టమైంది, కొడుకులిద్దరూ పని మానేశారు, ఇప్పుడు పెద్దవాడు మళ్లీ వచ్చి కూర్చుంటానంటున్నాడని చెప్పాడు. ఆ ఇంటి సంతోషాన్ని తప్పుపట్టే హక్కు సామాజిక మాధ్యమాల్లో కేకలు వేసేవారికి లేదు.

2025 డిసెంబరులో ప్రాడా ఈ రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమల సంస్థలతో ఒప్పందం చేసుకుంది. అక్కడి పనివారితోనే 2,000 జతలు చేయించి, 2026 ఫిబ్రవరి నుంచి ప్రపంచవ్యాప్తంగా 40 దుకాణాల్లో, జత సుమారు 800 యూరోలకు అమ్ముతామని ప్రకటించింది. నాకు ఇది మంచి అడుగుగానే కనిపిస్తోంది. అయితే ఆ 800లో జడ అల్లిన ఆవిడకు ఎంత ముడుతుందో తెలిసేదాకా చప్పట్లు కొట్టను.

ఈ పట్టుదలకు కారణం ఉంది. నాకు పన్నెండేళ్లప్పుడు నగరంలో ఒక పెద్ద దుకాణం వారు నాన్న దగ్గర జతకు నూట ఎనభై చొప్పున నలభై జతలు కొన్నారు. నాన్న ప్రతి అట్ట అడుగున చిన్న నెలవంక గుర్తు కొట్టేవారు. తాత కొట్టిన గుర్తే అది. కొన్ని నెలల తర్వాత ఆ దుకాణం అద్దాల వెనుక మా చెప్పులు చూశాం. నెలవంకను గీకేసి, దాని మీద తమ పేరు ముద్రించుకున్నారు. నాన్న ఏమీ అనలేదు. ఆ తర్వాత గుర్తు కొట్టడమే మానేశారు. మిలాన్ వేదిక మీద పేరులేని చెప్పులు చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గీకుడు చారలే.

పోయిన నెల అథణిలో సరుకు చెప్పేటప్పుడు ఒక షరతు పెట్టాను. ప్రతి జత మీద కుట్టినవారి గుర్తు ఉండాలి, దానికి జతకు ముప్పై రూపాయలు ఎక్కువిస్తాను అని. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు నా మాట నమ్మలేదు. రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాక అట్టను ఇటూ అటూ తిప్పి చూసి, "అడుగున కొట్టమంటావా, పైకి కనిపించేటట్టా?" అన్నాడు.

పైకే కొట్టమన్నాను.