అమ్మాయి స్పోర్ట్స్ జర్నలిస్టు అవుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తాను. మా అమ్మాయి బీకాం రెండో ఏడాది. స్పోర్ట్స్ రిపోర్టర్ అవుతానని పట్టుబట్టింది. రాత్రిళ్లు పని, చుట్టూ మగవాళ్లే. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఒప్పుకోండి సార్. మీ భయంలో తప్పులేదు, కానీ ఆ దారిలో ముందే నడిచినవాళ్లున్నారు.

1977లో అమెరికాలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ జరుగుతోంది. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక రిపోర్టర్ మెలిస్సా లుడ్కీని ఆటగాళ్ల గదిలోకి రానివ్వలేదు. మగ విలేకరులు లోపల మాట్లాడుతుంటే ఆమె బయటే ఉండిపోయింది. ఆట అయ్యాక చెమటైనా ఆరకముందు ఆటగాడు చెప్పే రెండు ముక్కలే వార్తకు ప్రాణం. అవి అందకపోతే ఎంత బాగా రాసేవాళ్లైనా ఏం చేస్తారు? ఆమె, ఆమె సంస్థ కోర్టుకెక్కారు. 1978లో న్యాయమూర్తి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ ఆమె పక్షాన తీర్పిచ్చారు. మన దగ్గరా 1977లోనే భారత తొలి టెస్ట్ కెప్టెన్ సి.కె.నాయుడు గారి కూతురు చంద్ర నాయుడు ఇందోర్‌లో క్రికెట్ కామెంటరీ చెప్పారు.

ఇక అసలు విషయం. ఆటంటే ఇష్టం చాలదు, రూల్స్ క్షుణ్ణంగా తెలియాలి. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి హర్డిల్స్ పరుగు గుర్తుందా? పక్కనున్న చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలింది. అధికారులు జ్యోతినీ తప్పించబోతే ఆమె అక్కడే నిలబడి అడిగింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. మూడో స్థానంలో వచ్చినా, తర్వాత చైనా అమ్మాయిపై వేటు పడటంతో రజతం దక్కింది. ఫాల్స్ స్టార్ట్ రూల్ తెలియని రిపోర్టర్ ఆ రాత్రి ఏం రాయగలరు?

బీకాం పూర్తిచేయనివ్వండి. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం పీజీకి ప్రయత్నించవచ్చు. మొదట్లో జీతం తక్కువే, అది దాచను. రాత్రి పనంటారా, నైట్ షిఫ్ట్ కష్టం మీకు తెలియనిది కాదు. ఇంటికి చేర్చే వాహనం ఇస్తారా అని ఉద్యోగంలో చేరే ముందే అడగమనండి. మొహమాటం వద్దు.

ఈ ఆదివారం మీ దగ్గర్లో ఏ గ్రౌండ్‌లో మ్యాచ్ జరిగినా తనను పంపండి. స్కోరు తనే రాసుకోవాలి. ఓడిన జట్టు కెప్టెన్‌ను పలకరించాలి. రాత్రి తొమ్మిదికల్లా 200 మాటల్లో వార్త మీ చేతిలో పెట్టాలి. మ్యాచ్ చూడని మీకు అది చదివితే ఆట కళ్లకు కట్టిందో లేదో తనకు చెప్పండి.